పిడకల్లో పెట్టని ఇనుము

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. దాని పొడవు ఒక్క వాక్యం. బరువు ఎంతో చెప్పలేను. కొలతలు చెప్పడమే నా ఉద్యోగం కనుక, చెప్పలేనని రాయడం నాకు సిగ్గుగానే ఉంది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెబితే రెండింటిలో ఒకటి జరుగుతుంది. "పోనీలే, చిన్నతనం" అంటారు. లేకపోతే మా పాస్టరుగారిలా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు. రెండూ నాకు వద్దు. మీరు నన్ను క్షమించనక్కర్లేదు. నేను అడగడం లేదు.

ఇంకొకటి కూడా ముందే చెప్పాలి. నేను ఎవరికి అన్యాయం చేశానో ఆ వీరాచారి మంచివాడు కాదు. ఈ మాట మొదట్లోనే చెప్పకపోతే, చివరికి వచ్చేసరికి మీరు ఆయన్ని సాధువును చేసి కూర్చోబెడతారు. ఆయన సాధువు కాదు. మంచి కమ్మరి. అంతే. నేను ఆయన్ని ద్వేషించాను, ద్వేషించడానికి నాకు తగిన కారణం ఉంది. ఈ తొమ్మిదేళ్లలో ఎన్నోసార్లు ఆ కారణాన్ని తీసి చూసుకున్నాను. అది నిజమైనదే. కానీ నేను చేసిన పనికి అది చాలదు.

క్రమంగా చెబుతాను.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. హైదరాబాదులో మెకానికల్ డిప్లొమా ముగించి, మేళ్లచెరువు దిక్కున సున్నపురాయి వెతుకుతున్న ఒక సర్వే క్యాంపులో సూపర్‌వైజరుగా చేరాను. నా చేతి కింద ఉన్నవి ఒక డ్రిల్లు యంత్రం, రెండు నీటి పంపులు, ఒక ముసలి లారీ, ఒక జీపు. మనిషి ఒక్కడే, జీపు డ్రైవరు జహంగీరు. నాకంటే నాలుగేళ్లు పెద్ద. నన్ను సార్ అంటూనే భుజం మీద చెయ్యి వేసేవాడు.

ఆ నేల సంగతి మీకు తెలియకపోవచ్చు. రాతి పలకలు మెట్లు మెట్లుగా లేచి ఉంటాయి. జీపు ముందు చక్రాలు ఒక మెట్టెక్కి అవతలికి దిగగానే దాని నడుము రాయి మీద కూర్చుంటుంది. రెండు చక్రాల నడుమ, మనం కాలు పెట్టి ఎక్కే అంచు ఉంటుంది కదా, అది నెలకు రెండుసార్లు నలిగి లోపలికి పోయేది. పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కిందే. ఒకసారి రాయి తగిలి ట్యాంకు అడుగు చిట్లింది. మంటలు లేవలేదు, అది మా అదృష్టం. మా ఆఫీసరుగారు కోస్తా నుంచి వచ్చిన మనిషి. నన్ను పిలిచి, ఆ అంచుల కింద రెండు పక్కలా గట్టి ఇనుప పట్టాలు కట్టించమన్నారు. రాయి తగిలితే జీపు నలగకూడదు, పట్టా మీద జారిపోవాలి. అదీ పని.

నేను మూడు రోజులు కూర్చుని డ్రాయింగు వేశాను. జహంగీరు నా భుజం మీదుగా చూసి, "ఏంది సార్, జీపుకు కడియాలు తొడుగుతున్నరా? పెండ్లి గిట్ల జేస్తరా దీనికి?" అన్నాడు. అప్పటి నుంచి క్యాంపులో వాటి పేరు కడియాలు.

కొత్త ఇనుము కావాలంటే పర్మిట్ కావాలి. పర్మిట్ రావాలంటే నెలలు పడుతుంది. మా దగ్గర ఉన్నది లారీ నుంచి తీసిన పాత కమాన్ పట్టీలు. కమాన్ పట్టీ మామూలు ఇనుము కాదు. లారీ బరువుకు వంగి మళ్లీ లేచే ఉక్కు. దాన్ని సాపు చేసి, వంచి, పదును పెట్టగల కమ్మరి ఆ చుట్టుపక్కల ఒక్కడే. క్యాంపుకు మూడు మైళ్లలో అతని కొలిమి.

ఆ కొలిమి నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. మా ఊరు అక్కడికి దగ్గరే. మా నాయిన రాళ్లు కొట్టే కూలీ. గడ్డపార మొన అరిగితే ఆ కొలిమికే పోవాలి. ఏటా వీరాచారికి గింజలు కొలిచే రైతుల నాగళ్లన్నీ అయ్యాక, ఆ పూట ఇంకెవరూ రారని తేలాక, మా నాయిన వంతు. అంతవరకు పందిరి గుంజకు అవతల, ఎండలో నిలబడాలి. గడ్డపార చేతికివ్వకూడదు. నేల మీద పెట్టి వెనక్కి జరగాలి. అతను తీసుకుంటాడు. పనైపోయాక నేల మీద పెడతాడు. మళ్లీ ముందుకొచ్చి తీసుకోవాలి. మా నాయిన దీని గురించి ఎన్నడూ ఒక్క మాట అనలేదు. ఆయన అనని మాటలన్నీ నాలో పోగయ్యాయేమో. ఇది కూడా సాకేనా? కావచ్చు. మీరే చూసుకోండి.

డ్రాయింగు చుట్టి పట్టుకొని, జీపులో పట్టీలు వేసుకొని, జహంగీరుతో కొలిమికి వెళ్లాను. పందిరి కిందికి చెప్పులతో నడిచాను. కావాలనే.

వీరాచారి డ్రాయింగు చూడలేదు. నన్ను చూశాడు.

"నువ్వు అంజిగాని కొడుకువు గాదు?"

"మా నాయిన పేరు యోహాను" అన్నాను. బాప్తిస్మం తీసుకొని అప్పటికి ఇరవై ఏళ్లు దాటింది.

"గా పేరు మీ గుడిల. గీడ అంజిగాడే. ఏం దెచ్చినవు పిలగా, గడ్డపారనా?"

జహంగీరు నవ్వాడు. నన్ను చూసి కాదు, ముసలాయన అన్న తీరుకు నవ్వు వచ్చిందని దారిలో చెప్పాడు. నేను నమ్మాను. అయినా ఆ నవ్వు నాకు లెక్కలోకి వచ్చింది.

తర్వాత వీరాచారి జీపు కింద వెల్లకిలా దూరి చాలాసేపు చూశాడు. బయటికొచ్చి డ్రాయింగు మీద నల్లటి వేలు పెట్టాడు. నేను పట్టాలను జీపు బాడీ రేకుకు బోల్టులతో బిగించాలని గీశాను. "రేకుకు తగిలిస్తవా? రాయి గుద్దితె రేకు ఊడి చేతికొస్తది. గా నడిమి దూలానికి వట్టియ్యాలె" అన్నాడు. ఆయన దూలమన్నది జీపు మొత్తాన్ని అడుగు నుంచి మోసే చాసీని. చాసీకి చిల్లులు కూడా వేయొద్దన్నాడు. దాని చుట్టూ ఇనుప కట్టు వేసి బిగించమన్నాడు. నేను మూడేళ్లు చదివి చేసిన తప్పును, చదువు లేని మనిషి జీపు కింద ఒకసారి పడుకొని పట్టుకున్నాడు. క్యాంపుకు వెళ్లి మళ్లీ గీశాను. రెండో డ్రాయింగు కింద సంతకం నాది. ఆఫీసరుగారు మెచ్చుకున్నారు. ఆ ఆలోచన ఎవరిదో నేను చెప్పలేదు. ఇది చిన్న దొంగతనం. పెద్దదాని పక్కన పెడితే కనిపించదు. అయినా రాస్తున్నాను.

పని నాలుగు రోజులు నడిచింది. రోజూ వెళ్లేవాణ్ని. ఆయన భార్య తిత్తి లాగేది, ఆయన దాగలి మీద కొట్టేవాడు. పక్కకు ఒక పట్టా చొప్పున రెండు, నాలుగేసి అడుగుల పొడవు. ఒక్కో పట్టాను చాసీకి పట్టి ఉంచడానికి మూడు వంపు చేతులు, రెండు పక్కలా కలిపి ఆరు. స్కేలు పెట్టి కొలిస్తే ఎక్కడా గోరు మందం తేడా లేదు. తేడా ఉండాలని నేను కోరుకున్నాను. ఇది గుర్తుంచుకోండి. పని బాగా రావాలని కాదు, తప్పు దొరకాలని నేను రోజూ స్కేలు తీసుకుపోయేవాణ్ని.

నాలుగో రోజు మధ్యాహ్నం దాటాక, మెత్తటి ఇనుమైతే రాతి మీద అరిగిపోతుందని, చేతులను, పట్టాలను ఎర్రగా కాల్చి ఒక్కొక్కటే నీళ్ల తొట్టిలో ముంచాడు. అన్నీ అయ్యాయి. జహంగీరు రేడియేటరులో పోయడానికి నీళ్లకని బావికి వెళ్లాడు. కొలిమిలో మేము ముగ్గురమే ఉన్నాం. ఆయన, ఆయన భార్య, నేను.

"సరే, తీసుకుపోతాను" అన్నాను.

"ఇయ్యాల గొంచవోకు" అన్నాడు. "రేపటిదాంక ఉండనియ్యి."

"ఎందుకు?"

"నీళ్లు దాగిన ఇనుము కోపం మీదుంటది. గట్టిగ గుద్దితె పలుగుతది. పిడకల నిప్పుల వెట్టి ఒక రాత్రంత పండవెట్టాలె. గా బూడిదల్నే సల్లారాలె. గప్పుడు బుద్ధికొస్తది."

నాకు అర్థం కాలేదని మీరు అనుకోవచ్చు. అర్థమైంది. ఆయన కోపం అన్నది, బుద్ధి అన్నది ఏమిటో నాకు పుస్తకంలో ఉన్న పేర్లతో సహా తెలుసు. ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచిన ఉక్కు గాజులా పెళుసుగా ఉంటుందని, మళ్లీ తక్కువ వేడిలో కాల్చి నెమ్మదిగా చల్లార్చాలని, ఎంత వేడికి ఏ రంగు వస్తుందో ఆ పట్టికతో సహా పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఆ క్షణంలో పట్టిక నా కళ్ల ముందు ఉంది. వరి గడ్డి రంగు, గోధుమ, ఊదా, నీలం. ముసలాయన ఆ పట్టికనే పిడకల భాషలో చెబుతున్నాడు. నాకు తెలిసినదే ఆయనకూ తెలుసు. నాకంటే ముందు నుంచీ తెలుసు. నేను భరించలేకపోయింది అదే అనుకుంటాను.

"డ్రాయింగులో అది లేదు" అన్నాను.

"డ్రాయింగుల లేదా? మీ నాయిన గడ్డపార ఏ డ్రాయింగుల ఉండె? దాన్ని గూడ గిట్లనే పండవెట్టి ఇచ్చిన. అడుగు పోయి. ఎండల నిలవడ్డడు గని, ఇరిగిన పార వట్టుకొని ఎన్నడన్న ఇంటికి వోయిండా?"

ఆ మాటలో రెండు మాటలున్నాయని తర్వాత తెలిసింది. ఒకటి, మా నాయిన్ని ఎండలో నిలబెట్టానని ఏ సిగ్గూ లేకుండా ఒప్పుకోవడం. రెండు, అంత తక్కువగా చూసిన మనిషి పార మీద కూడా పనిలో ఏ లోటూ చేయలేదని చెప్పడం. నేను మొదటిదే విన్నాను. పట్టాలు నేనే ఎత్తి జీపులో వేయడం మొదలుపెట్టాను. ఇంకా వెచ్చగా ఉన్నాయి. చేతికివ్వలేదు, నేల మీద నుంచే తీసుకున్నాను. చివరిది వేస్తున్నప్పుడు వీరాచారి పట్టకారు పక్కన పెట్టి, "నీ ఇష్టం సార్" అన్నాడు.

ఆయన నన్ను సార్ అనడం అదే మొదటిసారి.

జహంగీరు నీళ్లతో వచ్చేసరికి వీరాచారి లోపలికి వెళ్లిపోయాడు. చెప్పాల్సినవాడికి చెప్పానని అనుకున్నాడేమో. డ్రైవరుకు కూడా చెప్పి ఉంటే? ఈ ప్రశ్నతో చాలా ఏళ్లు ఆడుకున్నాను. తప్పులో కొంత ఆయన వైపు తోయడానికి పనికొస్తుందని. పనికిరాలేదు.

ఇప్పుడు అసలైన చోటికి వచ్చాను. ఆ పట్టాలు విరగాలని నేను కోరుకున్నానా?

కోరుకున్నాను. కానీ క్యాంపులో విరగాలని కోరుకున్నాను. ఆఫీసరుగారి ముందు, జాకీ మీద, టక్కుమని ఒక ఇనుప చెయ్యి విరగాలి. "కమాన్ పట్టీకి నీళ్లు పెట్టడం కూడా రాని కమ్మరి" అని నేను అనాలి. ఆ మాట మూడు మైళ్లు నడిచి కొలిమి చేరాలి. నా పథకం ఇంతే. ఎవరికీ దెబ్బ తగలని, చాలా శుభ్రమైన పథకం.

మరునాడు పొద్దున కడియాలు బిగించాం. పరీక్ష నేనే పెట్టాను. ఒక్కో పట్టా కింద జాకీ పెట్టి జీపు మొత్తాన్ని గాలిలోకి లేపాం. విరగలేదు. రెండు పక్కలా, మూడేసి చోట్ల లేపాం. గీటు కూడా పడలేదు. ఆఫీసరుగారు పట్టాను బూటుతో తన్ని, "భేష్" అన్నారు. జహంగీరు రేడియేటరు మూతకు దండ వేస్తానన్నాడు.

నెమ్మదిగా మోపిన బరువును పెళుసు ఉక్కు మోస్తుంది. దెబ్బకు విరుగుతుంది. అదీ నాకు తెలుసు. అదీ పుస్తకంలో ఉంది. నోరు తెరిస్తే, ముందే తెలిసి ఎందుకు తెచ్చావని అడుగుతారు. నోరు మూసుకున్నాను. రేపు వాగు అవతలి గుట్ట మీదికి పోయి రండి అన్నారు ఆఫీసరుగారు. సరే సార్ అన్నాను.

తెలిసి కూడా ఆ జీపు నేనెందుకు ఎక్కాను? నన్ను నేను వెనకేసుకురావాలనుకున్నప్పుడల్లా ఇదే అడుగుతాను. విరుగుతుందని నిజంగా నమ్మినవాడు ఎక్కుతాడా? కాబట్టి నాకు తెలియదన్నమాట. కాబట్టి నా తప్పు లేదన్నమాట. చాలా చక్కటి తర్కం. కానీ అబద్ధం. ఎక్కనంటే కారణం చెప్పాలి. కారణం చెప్పడం కంటే ఎక్కడం సులువు. అందుకే ఎక్కాను.

మరునాడు జహంగీరు, నేను ఇద్దరమే వెళ్లాం. మొదటి మూడు మెట్ల మీద కడియాలు జారాయి. కింద రాయి మీద ఇనుము గీసుకునే చప్పుడు వచ్చినప్పుడల్లా జహంగీరు, "పోతాంది సార్, నూనె రాసినట్టు పోతాంది" అనేవాడు. నాకు కొంచెం కొంచెం ధైర్యం వచ్చింది. బహుశా విరగదు. పుస్తకం తప్పు, ముసలాయన తప్పు, నేను ఒప్పు. వాగు దాటాక ఒక పెద్ద పలక ఉంది. అవతల ఒడ్డు కుడివైపుకు వాలుగా ఉంటుంది. ముందు చక్రాలు దిగాయి, నడుము ఒక్కసారిగా రాయి మీద పడింది. కుండ పెంకు పగిలినట్టు చప్పుడు. ఒకటి కాదు, రెండు. కుడి పట్టాను పట్టి ఉంచే చేతులు రెండు విరిగాయి. పట్టా వంకరగా కిందికి వేలాడి రాళ్ల సందులో గుచ్చుకుంది. జీపు దాని మీద తిరిగి కుడివైపుకు ఒరిగింది. సైకిలు ఒరిగితే కాలు ఆనించమా, అట్లా జహంగీరు కుడికాలు బయటపెట్టి నేలకు ఆనించాడు. జీపు అంచుకూ రాయికీ మధ్య ఆ కాలు ఉండిపోయింది.

నా మోచెయ్యి గీరుకుపోయింది. అంతే.

ఇప్పుడు రాసేది ఎన్నడూ ఎవరికీ చెప్పనిది. నేను జీపులో నుంచి దూకి ముందు చూసింది జహంగీరును కాదు. విరిగిన ఇనుప చెయ్యిని. వంగి, విరిగిన ముఖాన్ని చూశాను. లోపల బూడిద రంగులో, ఉప్పు రవ్వలా మెరుస్తూ ఉంది. పెళుసు ఉక్కు అచ్చంగా అట్లాగే విరుగుతుంది. "అనుకున్నట్టే" అని నా మనసులో ఒక మాట పలికింది. సంతృప్తిగా పలికింది. ఆ తర్వాతే అతని అరుపు నాకు వినిపించింది. అతను అంతసేపూ అరుస్తూనే ఉన్నాడు.

మేకలు కాసేవాళ్లు పరుగెత్తుకొచ్చి జీపు లేపారు. నల్లగొండ దవాఖాన, అక్కడి నుంచి హైదరాబాదు. మోకాలి కింద తీసేశారు.

పది రోజులకు క్యాంపు డేరాలో విచారణ జరిగింది. ఆఫీసరుగారు బల్ల వెనక, నేను పక్కన కుర్చీలో. వీరాచారి నిలబడ్డాడు. ఆయన్ని కూర్చోమని ఎవరూ అనలేదు. బల్ల మీద విరిగిన ముక్కలు.

"ఏమయ్యా, నీళ్లలో ముంచాక మళ్లీ కాల్చాలని నీకు తెలియదా?" అన్నారు ఆఫీసరుగారు.

"తెల్వకేంది దొరా. పిడకల్ల వెట్టాలె, రేపటిదాంక ఉంచుమన్న. గా సార్‌నే అడుగుండ్రి."

ఆఫీసరుగారు నా వైపు తిరిగారు. "చెప్పాడా?"

ఎంతసేపు పట్టింది? ఊపిరి తీసుకునేంత కూడా పట్టలేదు.

"లేదు సార్. నాతో ఏమీ చెప్పలేదు."

ఆయన రాసుకున్నారు. ఇదే ఆ వాక్యం.

వీరాచారి నన్ను తిడతాడనుకున్నాను. ఒక్క తిట్టు తిట్టినా నాకు బాగుండేది. ముక్కల్లో ఒకటి తీసుకొని విరిగిన చోట వేలితో రాసి చూసి, మళ్లీ బల్ల మీద పెట్టాడు. "మీ నాయిన ఇన్నేండ్లు నా కొలిమి కాడ నిలవడ్డడు. ఒక్క అబద్ధం ఆడంగ నేను ఇనలే" అన్నాడు. పందిరి కింద మా నాయిన పేరు సరిగ్గా పలకని మనిషి, నా ముందు ఆయన్ని నిలబెట్టి నన్ను కొలిచాడు. నాకు సిగ్గు రావాలి కదా? కోపం వచ్చింది. నిజం చెప్పాలంటే ఈ రోజుకీ ఆ మాటకు మొదట కోపమే వస్తుంది, సిగ్గు తర్వాత వస్తుంది.

ఆయన భార్యను ఎవరూ పిలవలేదు. ఆమె అంతా విన్నది. ఆమెను పిలవాలని ఆఫీసరుగారికి తోచలేదు. నాకు తోచింది.

తర్వాత జరగాల్సింది జరిగింది. వీరాచారి ఇనుము డ్రైవరు కాలు తీసిందని ఊళ్లకు ఊళ్లు పాకింది. నాగలి కర్రు విరిగితే ఒక తిట్టుతో పోతుంది, కాలు విరిగితే అట్లా పోదు. ఆ ఏడు వానలకు ముందు రైతులు నాగళ్లు పట్టుకొని నాలుగు మైళ్ల దూరంలోని ఇంకో కొలిమికి నడిచారు. మరుసటి ఏడు కూడా. ఇంకా ఎవరైనా వస్తారేమోనని వీరాచారి రోజూ పొద్దున నిప్పు రాజేసి కూర్చునేవాడట. కమ్మరికి ఇనుము విరిగిందన్న పేరు కంటే చావు నయం. అది నాకు తెలుసు. తెలిసే అన్నాను ఆ వాక్యం.

మా నాయిన ఒక్కడే నమ్మలేదు. నేను ఇంటికి పోయినప్పుడు అన్నం తింటూ, "వీరాచారి మంచోడని నేననను. గని ఆయన చేతి ఇనుము ఇరగది. ఏందో అయింది" అన్నాడు. నా వైపు చూశాడు. నేను మజ్జిగ పోసుకున్నాను.

వీరాచారి పోయిన వానాకాలం చనిపోయాడు. మా నాయినే చెప్పాడు. కర్మకు పోయి, పందిరి అవతల నిలబడి వచ్చాడట.

జహంగీరు నార్కట్‌పల్లి కూడలిలో సైకిలు పంక్చర్లు వేసే చిన్న కొట్టు పెట్టుకున్నాడు. ఒక కాలు కర్రది. హైదరాబాదుకు పోయేటప్పుడు, వచ్చేటప్పుడు అక్కడ బస్సు దిగి గంటసేపు అతనితో కూర్చోవడం నాకు అలవాటు. తొమ్మిదేళ్ల అలవాటు. అతను చాయ్ తెప్పిస్తాడు. పక్కవాళ్లకు చూపించి, "మా సార్ దేవుడు. జీపు కింది నుంచి నన్ను గుంజింది గీ సారే" అంటాడు. నేను గుంజలేదు, మేకల కాపర్లు గుంజారు. ఎన్నిసార్లు చెప్పినా వినడు. తర్వాత వీరాచారిని తిడతాడు. రకరకాలుగా, కొత్త కొత్త మాటలతో, నవ్వు వచ్చేటట్టు తిడతాడు. ట్యూబును నీళ్ల గిన్నెలో ముంచి బుడగలు చూస్తూ, గాలి పోయే చిల్లు దొరికినప్పుడల్లా, "ఇగో, ముసలోని పనితనం" అంటాడు. నేను చాయ్ తాగుతూ వింటాను. ఒకటి రెండుసార్లు నేను కూడా నవ్వాను.

పోయిన నెల దిగినప్పుడు మామూలుగానే మొదలుపెట్టాడు. ఎందుకో ఆ రోజు వినలేకపోయాను. పశ్చాత్తాపం అని పెద్ద పేరు పెట్టను. విసుగు కావచ్చు. చచ్చినవాణ్ని తిడుతున్నాడని అతనికి తెలియదు, నాకు తెలుసు.

"జహంగీర్, ఆయన చెప్పాడు" అన్నాను.

"ఎవలు, ఏం జెప్పిండ్రు?"

మొత్తం చెప్పాను. పిడకల సంగతి, రేపటిదాకా ఉంచమన్న సంగతి, నాకు తెలిసిన సంగతి, జాకీ, విచారణ. ఏదీ తగ్గించలేదు. విరిగిన ముక్కను ముందు చూసింది కూడా చెప్పాను. అతను ట్యూబు మీద ఆకురాయి రాస్తూ విన్నాడు. మధ్యలో రాయడం ఆగిపోయింది. రోడ్డు మీద రెండు లారీలు పోయాయి.

"ముసలాయన ఉన్నడా?" అన్నాడు.

"లేడు. పోయిన వానలకు."

తల ఊపాడు. కాలు గురించి అడుగుతాడని చూశాను. కొడతాడని కూడా చూశాను. చేతి పక్కనే టైరు ఊడదీసే ఇనుప పట్టీ ఉంది, అందేంత దూరంలో నేనున్నాను.

"కాలంటే వోయింది" అన్నాడు చివరికి. "దాని ఫికర్ ఎన్నడో ఇడిచిన. గని తొమ్మిదేండ్లు ఆయనను తిట్టిన నేను. సచ్చినంక గూడ తిట్టిన. పక్కన కూసొని చాయ్ దాగుకుంట ఇన్నవు నువ్వు. గా తిట్లన్ని ఇప్పుడు ఏడ వెట్టాలె నేను, చెప్పు."

సార్ అనలేదు.

"ఇగ ఇక్కడ దిగకు" అన్నాడు. మళ్లీ ట్యూబు అందుకున్నాడు.

బస్సెక్కాను. కూర్చోవడానికి చోటు లేదు, మోత్కూరు సంతకు పోయే మేకల బేరగాళ్ల మధ్య నిలబడ్డాను. నాకు ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. వచ్చింది ఆకలి. కొన్నేళ్లుగా నాకు అంత ఆకలి వేయలేదు. ఆ ఆకలికి నేను సిగ్గుపడ్డాను, అయినా దిగగానే తిన్నాను. ఒక స్నేహితుణ్ని పోగొట్టుకొని, ఒక చచ్చినవాడికి ఏ మేలూ చేయలేకపోయి, కడుపునిండా తిన్న మనిషిని మీరు ఏమనుకుంటారో అనుకోండి.

వీరాచారిని ఇప్పటికీ ద్వేషిస్తున్నానా? అవును. మా నాయిన ఎండలో నిలబడ్డ రోజులను ఆయన చావు చెరపలేదు. నా ఒప్పుకోలు కూడా చెరపదు. ఆయన నాకు చేసింది ఆయన ఖాతా. నేను ఆయనకు చేసింది నాది. ఇన్నేళ్లూ ఒకదాన్ని చూపి ఇంకొకదాన్ని కొట్టేయాలని చూశాను.

అప్పటి ఆఫీసరుగారు ఎక్కడికి బదిలీ అయ్యారో తెలియదు. ఆ విచారణ కాగితం ఏ బీరువాలో ఉందో, చెదలు తిన్నదో తెలియదు. డ్రాయింగులో తప్పు పడితే దాన్ని చింపేయడం మా వృత్తిలో లేదు. తప్పు గీతను అట్లాగే ఉంచి, పక్కన సవరణ రాసి, రాసినవాడు ఒప్పుకోవాలి. ఆ కాగితం నాకు దొరకదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

వీరాచారి నాతో చెప్పాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. రేపటిదాకా ఉంచమన్నాడు. నేను విన్నాను.